వాళ్ల మేక కళ, మన తోలు కంపా?

ఈమధ్య మా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు. మాదిగపల్లె పిల్లవాడు. పట్నంలో ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదువుతున్నాడు. గోనెసంచిలో చుట్టుకొచ్చిన వస్తువు ఒకటి విప్పి మా గోడకు ఆనించాడు. చూస్తే డప్పు. వాళ్ల తాత కొట్టిన డప్పు. దాని తోలు మీద తాత ముఖం రంగుల్లో వేశాడు. వేసి ఊరుకోలేదు. ముక్కు, దవడ ఎముకలు, నుదుటి ముడతలు చింతగింజల జిగురూ రంపంపొట్టూ కలిపి ఉబ్బెత్తుగా లేపాడు. చట్రంలోంచి రెండు చెక్క చేతులు ముందుకు పొడుచుకొచ్చాయి. ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో చిటికెన పుల్ల. ఎదురుగా నిలబడి చూస్తే బొమ్మ. పక్కకు జరిగి చూస్తే విగ్రహం.

మేమంతా కాసేపు మాట్లాడలేదు.

పరీక్షకు దీన్ని పెడితే కాలేజీలో రెండు మాటలు అన్నారట. ఒకటి: ఇది పెయింటింగా, శిల్పమా? ఏ డిపార్టుమెంటు వాళ్లు మార్కులు వెయ్యాలి? రెండోది: ముందు ఆ తోలు బయట పెట్టు, కంపు కొడుతోంది. 'మొదటి మాటకు జవాబు చెప్పగలనన్నా. రెండో మాటకే రాత్రి నిద్ర పట్టలేదు' అన్నాడు కుర్రాడు.

ఈ కథలో అసలు విషయం ఇంకా ఉంది. అంతకు పదిహేను రోజుల ముందు అదే క్లాసులో అమెరికా చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ గురించి పాఠం చెప్పారు. ఆయన 1950లలో పెయింటింగునూ శిల్పాన్నీ ఒక్కటి చేసి కొన్ని వస్తువులు తయారు చేశాడు. వాటికి 'కంబైన్' అని ఆయనే పేరు పెట్టుకున్నాడు. అందులో పేరు మోసింది 'మోనోగ్రామ్'. 1955 నుంచి 1959 దాకా దానితో కుస్తీ పట్టాడు. ఏముంది అందులో? రంగులు పూసిన చెక్క పలక మీద ఒక మేక. గీసిన మేక కాదు, చచ్చిన మేకే. తోలూ బొచ్చూ కొమ్ములతో సహా కూరి నిలబెట్టిన అంగోరా మేక. నడుముకు రబ్బరు టైరు, మూతికి రంగుల పూత. ఇవాళ అది స్వీడన్‌లో స్టాక్‌హోమ్ మ్యూజియంలో ఉంది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి చూసిపోతారు.

రౌషెన్‌బర్గ్ మీద మాకు కోపం లేదు. న్యూయార్కు వీధుల్లో పారేసిన సామాన్లు ఏరి తెచ్చి బొమ్మ చేసినవాడు. అలాంటివాడు మనకు పరాయివాడేం కాదు. మా ప్రశ్న పాఠం చెప్పేవాళ్లకు. అమెరికా మేక తెరమీదికి వస్తే 'హద్దులు చెరిపిన మహా ప్రయోగం' అయింది గదా, మాదిగపల్లె మేకతోలు గదిలోకి వస్తే కంపు ఎట్లా అయింది? వాసన తోలుదా, తెచ్చినవాడి పల్లెదా?

ఇక మొదటి మాటకు వద్దాం. బొమ్మ వేరు, విగ్రహం వేరు అని గోడ కట్టింది ఎవరు? కాలేజీలు వచ్చాక, సిలబసులు వచ్చాక కట్టిన గోడ అది. మన పల్లెల్లో పని చేసే చేతికి ఆ గోడ ఎన్నడూ లేదు. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలోళ్ల పటం చూడండి. ఆ పటం రాసే చేర్యాల నకాషీలు గుడ్డకు గంజీ సుద్దమట్టీ చింతగింజల జిగురూ పట్టించి దాని మీద రంగులు వేస్తారు. అదే జిగురులో రంపంపొట్టు పిసికి బొమ్మలు చేస్తారు. అవే చేతులు, అదే జిగురు. అనంతపురం వైపు తోలుబొమ్మలు చూడండి. తోలును ఉలితో చెక్కుతారు, రంగులు వేస్తారు, వెనక దీపం పెట్టి ఆడిస్తారు. అది ఏ డిపార్టుమెంటు?

అంతదూరం ఎందుకు, మన పేట సెంటర్లో బాబాసాహెబ్ విగ్రహం చూడండి. మేస్త్రీ ఇనుప చువ్వలు వంచి, సిమెంటు పెట్టి నిలబెడతాడు. అప్పటికింకా అది బూడిదరంగు మనిషే. నీలం కోటు రంగు పడ్డాక, కళ్లద్దాల గీత పడ్డాక 'బాబాసాహెబ్ వచ్చాడు' అని మన ఆడవాళ్లు దండ తెస్తారు. ఏప్రిల్ 14 వచ్చిందంటే మళ్లీ కొత్త రంగు. శిల్పమూ పెయింటింగూ కలిసిన పని దేశంలో వాడవాడకూ ఉంది. దాన్ని చేసిన మేస్త్రీ పేరు మాత్రం ఏ కళల పుస్తకంలోనూ ఉండదు.

కాలేజీలోనే ఈ గోడను లెక్కచెయ్యని విద్యార్థి ఒకడున్నాడు. రామ్‌కింకర్ బైజ్. 1906లో బెంగాల్లో బాంకురాలో పేద మంగలి కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు దేవతల బొమ్మలు చేసేవాళ్ల పక్కన కూచుని మట్టి పిసకడం నేర్చాడు. 1925లో శాంతినికేతన్ కళాభవన్‌లో చేరాడు. చేరింది బొమ్మలు వెయ్యడానికి. కాని చేతికి మట్టి గుర్తుంది గదా! రెండూ పట్టుకున్నాడు, చివరిదాకా రెండూ వదల్లేదు. 1930లలో అక్కడ గురువులూ విద్యార్థులూ కలిసి 'కాలో బాడి' అనే మట్టి ఇల్లు కట్టారు. గోడలమీదే ఉబ్బెత్తు బొమ్మలు తీసి తారు పూశారు. అందులో రామ్‌కింకర్ చెయ్యీ ఉంది. 1938లో 'సంతాల్ కుటుంబం' నిలబెట్టాడు. కంచుకు డబ్బు ఎక్కడిది? సిమెంటులో అక్కడి ఎర్ర కంకర కలిపి, ముద్దలు ముద్దలుగా విసిరి చేశాడు. నడిచిపోతున్న కూలీ ఆలుమగలు, కావడి తట్టలో బిడ్డ, పక్కన కుక్క. దేవుడు లేడు, రాజు లేడు. తర్వాత 1970లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. వానకు ఇల్లు కారుతుంటే తన ఆయిల్ పెయింటింగులే కప్పు మీద పరిచేవాడట. బతుకులోంచి వచ్చినవాడికి బొమ్మ గోడకే అంటుకుని ఉండాలన్న పట్టింపు ఉండదు.

ఇక మనవాళ్ల మాట కూడా చెప్పాలి, దాచకూడదు. ఆ డప్పు చూసి మా పెద్దాయన ఒకాయన మండిపడ్డాడు. 'ఆ తోలు వదిలించుకోడానికి మా తరం తన్నులు తిన్నది. చచ్చిన గొడ్డు ముట్టమని ఎదురు తిరిగినం. నువ్వు చదువుకునిపోయి మళ్లీ దాన్నే నెత్తికెత్తుకొస్తవా?' అన్నాడు. ఈ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం మానండి అని చెప్పాడు. వెట్టి డప్పు వెయ్యనన్నందుకు దెబ్బలు తిన్నవాళ్లు మనలో ఉన్నారు. అయితే 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. దొర పిలిస్తే కొట్టిన డప్పే ఆ రోజు హక్కు అడగడానికి మోగింది. తోలు అదే, కొట్టమన్నవాడు మారాడు. కుర్రాడు పెద్దాయనతో వాదించలేదు. 'తాతా, దీన్ని ఎవరి పెళ్లికీ చావుకీ తీసుకుపోను. నీ చేతులు ఎట్లుంటయో వాళ్లకు చూపిస్తా' అన్నాడు. పెద్దాయన తన చేతులు ఒకసారి చూసుకున్నాడు. ఒప్పుకున్నాడని మేం చెప్పం. వెళ్లిపోలేదు, అంతే.

మేం చెప్పేది సూటిగా చెబుతాం. కాలేజీలకు: పని ఏ గదిదో తేల్చలేకపోతే రెండు గదుల మేష్టర్లూ కలిసి చూడండి, పిల్లవాడి మార్కులు కొయ్యకండి. రంగుల డబ్బాలు కొనలేని పిల్లవాడు మట్టీ తోలూ పొట్టూ తెస్తే చూసే కన్ను పెంచుకోండి. కుర్రాళ్లకు: రౌషెన్‌బర్గ్‌ను చదవండి, రామ్‌కింకర్‌ను చదవండి. ఎవరినీ దించకండి. మీ పల్లె ముడిసరుకు మీ దగ్గరే ఉంది. కాని తోలు పెట్టినంత మాత్రాన బొమ్మ అయిపోదు, పని నేర్చుకోవాలి. సంఘాలకు: మన సభల్లో పాటకు చోటుంది, ఉపన్యాసానికి చోటుంది. బొమ్మకు కూడా ఒక గోడ ఇవ్వండి. మీ పేటలో విగ్రహం చేసిన మేస్త్రీ పేరు దిమ్మె మీద రాయించండి.

ఆ డప్పు ఇప్పటికి మా గోడకే ఉంది. వచ్చిన ప్రతివాళ్లూ తాత ముక్కు తడిమి చూస్తున్నారు. పరీక్షకు మళ్లీ పట్టుకుపోతానన్నాడు కుర్రాడు. మాలో ఇద్దరం తోడు పోతున్నాం. అక్కడ వాసన వస్తే రానివ్వండి.

జై భీమ్!

— సంపాదకవర్గం