మన పరిశ్రమలు – మన కార్మికులు – మన కర్తవ్యం

ఒకనాటి ఉదయం పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో బస్సు కొరకు నిలబడి ఉండగా మన కళాశాలలో బి.కాం. ముగించిన పూర్వవిద్యార్థి ఒకడు ఎదురై నమస్కరించాడు. చేతిలో టిఫిన్ డబ్బా, మెడలో గుర్తింపు కార్డు ఉన్నాయి. "ఎక్కడ పనిచేస్తున్నావు బాబూ?" అని అడిగాను. అతడు ఒక కర్మాగారం పేరు చెప్పి, వెంటనే సవరించుకొని, "కంపెనీలో కాదు సార్, కాంట్రాక్టరు దగ్గర" అన్నాడు. కార్డుపై ఉన్నది కాంట్రాక్టరు పేరే. ఆ కాంట్రాక్టరును అతడు రెండుమార్లు మాత్రమే చూశాడట. యంత్రం కంపెనీది, సరుకు కంపెనీది, ఆజ్ఞ కంపెనీది. మనిషి మాత్రం కంపెనీవాడు కాడు! ఈ విచిత్రమే నాచేత ఈ వ్యాసం వ్రాయించింది.

1960 దశకంలో రామచంద్రాపురంలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం వెలసింది. అటుపిమ్మట పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు ఏర్పడ్డాయి. పరిశ్రమలు వస్తే ఇంటికొక ఉద్యోగం వస్తుందని మన పెద్దలు ఆశించారు. పరిశ్రమలు వచ్చాయి, పని కూడా వచ్చింది. కాని పని వేరు, ఉద్యోగం వేరు. పని నేటి కూలినిస్తుంది. ఉద్యోగం రేపటి భరోసానిస్తుంది.

ఈ భేదం చట్టంలో ఎట్లు స్థిరపడిందో విద్యార్థులు తెలుసుకొనవలెను. కాంట్రాక్టు శ్రమను క్రమబద్ధం చేయడానికి, అవసరమైనచోట రద్దు చేయడానికి 1970లో పార్లమెంటు చట్టం చేసింది. రద్దయిన పనిలో ఉన్నవారు అసలు యజమాని ఉద్యోగులవుతారని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో ఉక్కు ప్రాధికార సంస్థ కేసులో అదే న్యాయస్థానం ఆ తీర్పును త్రోసిపుచ్చి, రద్దు జరిగినంత మాత్రాన ఉద్యోగం తనంతట తాను సంక్రమించదని తీర్మానించింది. అనగా కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేయమని అడిగిన కార్మికుడు చేతిలోని కూలిని సైతం కోల్పోవచ్చును. ఇక నోరు విప్పేదెవరు?

2025 నవంబరు 21 నుండి నాలుగు కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చాయి. ప్రతి కార్మికునికి నియామక పత్రం ఇవ్వవలెనన్న నియమం వాటిలో మేలైనది. కాని కాంట్రాక్టు శ్రమ నిబంధనలు వర్తించడానికి ఉండవలసిన కార్మికుల సంఖ్య 20 నుండి 50కి పెరిగింది. ఒక పరిశ్రమలో పలు సంఘాలు ఉన్నపుడు, హాజరుపట్టీలోని వారిలో నూటికి 51 మంది మద్దతు గల సంఘమే యాజమాన్యంతో ఏకైక సంప్రదింపుల సంఘమవుతుంది. కాంట్రాక్టరు పట్టీలో పేరున్నవానికి ఆ లెక్కలో చోటెక్కడిది?

ఇట్టి స్థితిని ఆఫ్రికా చరిత్ర మనకు మరింత స్పష్టంగా చూపుతుంది. దక్షిణాఫ్రికాలో 1924 నాటి పారిశ్రామిక చట్టం, పాసులు మోయవలసిన నల్లజాతివారిని "ఉద్యోగి" అన్న నిర్వచనం నుండే తొలగించింది. గనిలో చెమటోడ్చినవాడు కాగితంపై ఉద్యోగి కాడు! 1973లో డర్బన్ నగరంలో వేలాదిమంది సమ్మెకు దిగారు. 1979లో వీహాన్ కమిషన్ సిఫారసుల పిమ్మట ప్రభుత్వం వారి సంఘాలను చట్టబద్ధంగా గుర్తించక తప్పలేదు. అక్కడి జాతివివక్షకు, ఇక్కడి కాంట్రాక్టు పద్ధతికి సామ్యం లేదు. ఐనా నిర్వచనం నుండి జారిపోయినవాడు హక్కు నుండి కూడా జారిపోతాడన్న పాఠం మాత్రం ఒక్కటే.

"బీహారువాళ్ళు, ఒడిశావాళ్ళు వచ్చి మన ఉద్యోగాలు కాజేస్తున్నారు" అన్న మాట మన తరగతి గదులలో కూడా వినిపిస్తుంది. యజమాని పరాయి రాష్ట్రపు కార్మికుని ఎందుకు కోరుకుంటాడు? అతనికి ఊరి అండ లేదు, అధికారుల భాష రాదు, సంఘం లేదు. పన్నెండు గంటలు పనిచేయమన్నా ఎదురుచెప్పడు. అతని హక్కులు మన హక్కులతో సమానమైననాడు అతనిని చౌకగా కొనే అవకాశమే ఉండదు. కనుక అతని రక్షణలోనే మన పిల్లల ఉద్యోగ రక్షణ ఇమిడి ఉన్నది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ కర్మాగారంలో సంభవించిన ప్రేలుడులో నలభైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో అనేకులు ఇతర రాష్ట్రాలవారు. మృతులను గుర్తించడానికి డి.ఎన్.ఏ. పరీక్షలు జరపవలసి వచ్చింది. అగ్ని స్థానికుడెవరో, పరాయివాడెవరో అడుగలేదు.

కార్మిక సంఘాలు నిర్దోషులని నేననను. నాయకుల స్పర్ధలు, పార్టీల చీలికలు, శాశ్వత ఉద్యోగుల జీతభత్యాలతోనే సంతృప్తిపడే ధోరణి వాటిని బలహీనపరిచాయి. గేటు లోపలి సంఘం గేటు బయటి కార్మికుని మరచిననాడు తన పునాదిని తానే త్రవ్వుకొన్నట్లవుతుంది. కాంట్రాక్టు కార్మికులకు సభ్యత్వమిచ్చి, వారి కోర్కెలను తమ కోర్కెల పత్రంలో మొదట వ్రాయడమే దీనికి విరుగుడు.

మన జిల్లాలోని ఆందోలులో 1908లో జన్మించిన మఖ్దూం మొహియుద్దీన్ హైదరాబాదు సిటీ కాలేజీలో అధ్యాపకుడు, ఉర్దూ మహాకవి, కార్మికోద్యమ నాయకుడు. ఆయన రాజకీయాలను అంగీకరించనివారు కూడా ఆయన జీవితం నుండి ఒక విషయం గ్రహించవచ్చు: చదువు కార్మికుని ముంగిటికి నడిచి వెళ్ళగలదు.

కళాశాల కమిటీ పెద్దలకు నాదొక విన్నపం. చివరి సంవత్సరం విద్యార్థులకు నెలకొకసారి కార్మిక చట్టాలు తెలిసిన న్యాయవాదిచేత పాఠం చెప్పించండి. నియామకపత్రం, జీతపు చీటీ, ప్రావిడెంట్ ఫండు, ఇ.ఎస్.ఐ. – వీటిని చదవడం రానివాడు ఎంత డిగ్రీ పొందినా అర్ధాక్షరాస్యుడే.

విద్యార్థులారా! ఉర్దూ వచ్చిన మీకు బీహారు కార్మికుని మాట అర్థమవుతుంది. తెలుగు వచ్చిన మీకు ఇక్కడి కార్యాలయపు కాగితం అర్థమవుతుంది. ఈ రెండు భాషలూ తెలిసినవాడు ఆ ఇద్దరి నడుమ వంతెన కాగలడు. ఆనాడు చౌరస్తాలో ఆ పిల్లవానికి నేను చెప్పలేకపోయిన సమాధానమిదే. మరల ఎదురైతే, ముందుగా అతని నియామక పత్రం చూపమని అడుగుతాను. మీరు కూడా మీ తోటివారిని అడగండి.