పిల్లలను వీధిలో నడవనిండు

అక్టోబరు మాసాంతము సమీపించుచున్న ఈ వారమున, అమెరికాలో మేముండు పట్టణమునందలి ఒక పాఠశాలవారు తల్లిదండ్రులకు పంపిన ప్రకటనను చదువగా నా మనస్సు మిక్కిలి నొచ్చినది. హాలోవీన్ రాత్రి పిల్లలు వేషములు ధరించి ఇంటింటికి పోవుట క్షేమకరము కాదు గనుక, దానికి బదులుగా బడి పార్కింగ్ లాటులో కార్లను బారులు తీర్చి, వాని డిక్కీలను అలంకరించి, అందుండియే మిఠాయిలు పంచెదరట. పిల్లలు ఒక డిక్కీనుండి మరియొక డిక్కీకి పోయి, సంచులు నింపుకొని, చీకటి పడక మునుపే కార్లెక్కి ఇండ్లకు మరలవలెనట. ‘ట్రంక్ ఆర్ ట్రీట్’ అను ఈ పద్ధతి చర్చి ప్రాంగణములలోను, బడులలోను దేశమంతట వ్యాపించియున్నది. పిల్లల శ్రేయస్సును కోరియే దీనిని ఏర్పరచిరనుటలో నాకు సందేహము లేదు. కాని ఆ పండుగలో పరిహరింపదగినవి ఎన్నో యుండగా వానినన్నిటిని ఉంచుకొని, రక్షింపదగిన ఒక్క గుణమును మాత్రము తొలగించుట నాకు సహింపరానిదిగా తోచుచున్నది.

హాలోవీనును నేను వెనుకవేసికొని వచ్చుట లేదు. ప్లాస్టిక్ అస్థిపంజరములు, నెత్తురోడు ముఖములు, ఒక్క రాత్రి తొడిగి మరునాడు చెత్తబుట్టలో పడవేయు వేషములు, పండ్లను పుచ్చజేయు చక్కెర—వీనిలో ఏ యొక్కటి లేకున్నను బిడ్డలకు నష్టము లేదు. 2023లో అమెరికనులు ఈ పండుగకై 1,220 కోట్ల డాలర్లు వెచ్చింతురని చిల్లర వర్తకుల జాతీయ సమాఖ్య అంచనా వేయగా, అందు పెంపుడు జంతువుల వేషములకే 70 కోట్లు! భూతప్రేతముల ఆరాధన మా మతమునకు విరుద్ధమని పంట పండుగలు చేసికొను క్రైస్తవ కుటుంబములున్నవి. అదే సంకోచముతో ఆ రాత్రి తలుపులు మూసికొను తెలుగు కుటుంబములను నేనెరుగుదును. వారందరి మనోభావములు గౌరవింపదగినవే. మార్పు కావలెననుటలో వారితో నాకు భేదము లేదు. ఏది మారవలెననుటలోనే ఉన్నది.

తల్లిదండ్రులను ఇంతగా కలవరపెట్టు భయమేది? ఎవరో అపరిచితుడు మిఠాయిలో విషము కలిపి ఇచ్చునని. డెలావేరు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ దశాబ్దముల తరబడి ఈ ప్రవాదమును పరిశోధించి, ముక్కుమొగము తెలియని వాడిచ్చిన హాలోవీన్ మిఠాయివలన ఒక్క శిశువైనను మరణించినట్లు గాని, తీవ్రముగా గాయపడినట్లు గాని ఋజువైన ఉదాహరణము తనకు కానరాలేదని తేల్చెను. 1974లో టెక్సాసునందు ఒక బాలుడు సయనైడు కలిసిన మిఠాయి తిని మరణించిన మాట నిజమే. కాని ఆ విషము పెట్టినవాడు బీమా సొమ్మునకు ఆశపడిన కన్నతండ్రి. ఇక నిజమైన అపాయమెచ్చట నున్నదో చూడుడు. 1975 మొదలు 2016 వరకు గల రోడ్డు ప్రమాదముల లెక్కలను పరిశీలించిన వైద్యపరిశోధకులు, హాలోవీన్ సాయంకాలమున పాదచారులకు గల మరణాపాయము దానికి ముందువెనుక వారములలోని సాయంకాలములకంటె నూటికి 43 వంతులు అధికమనియు, నాలుగేండ్లు మొదలు ఎనిమిదేండ్ల వరకు గల పసివాండ్రకు అది పదిరెట్లనియు కనుగొనిరి. పొరుగువాని చేతినుండి బిడ్డకు రాని చావు, పొరుగువాని కారునుండి వచ్చుచున్నది. అట్లుండగా, మనము పొరుగువానిని వెలివేసి, బిడ్డను కార్ల నడుమ నిలుపుట ఏ వివేకము?

ఈ పండుగకు ప్రత్యామ్నాయములు వెదకుట నేడు క్రొత్తగా పుట్టినది కాదు. పూర్వులు మనకంటె బాగుగా వెదకిరి. హాలోవీన్ అనగా పశువుల కట్లు విప్పి వీధిలోనికి తోలుట, కిటికీలకు సబ్బు పూయుట మొదలగు అల్లరిగా నున్న కాలమున, మిన్నెసోటాలోని అనోకా పట్టణపు పెద్దలు 1920లో బాలబాలికలచే గొప్ప ఊరేగింపు జరిపించి, ఆ యౌవనోత్సాహమునకు దారి చూపిరి. అల్లరి మానినది, వీధి మాత్రము పిల్లలదిగనే నిలిచినది. 1950లో ఫిలడెల్ఫియాయందు క్లైడ్ ఆలిసన్ అను చర్చి పురోహితుడును, ఆయన భార్య మేరీ ఎమ్మాయును తమ పిల్లలచేతికి పాలడబ్బాలనిచ్చి, మిఠాయిలకు మారుగా, యుద్ధమువలన చితికిన దేశముల శిశువులకై నాణెములడిగి రండని పంపగా, 17 డాలర్లు వచ్చినవి. యూనిసెఫ్ పేరిట నేటికిని సాగుచున్న ఆ యాచన 17 కోట్ల డాలర్లకు మించి కూడబెట్టినది. 1967లో అధ్యక్షుడు జాన్సన్ అక్టోబరు 31ని యూనిసెఫ్ దినముగా ప్రకటించెను. వేరుసెనగయో, పాలో సరిపడని బిడ్డల బాధ నెరిగిన టెనెసీలోని ఒక తల్లి, 2012లో ఇంటిముందు నీలిపచ్చ రంగు పూసిన గుమ్మడికాయ నుంచి, మిఠాయిలకు బదులు చిన్నచిన్న బొమ్మలను, పెన్సిళ్ళను పంచెను; ఆమె చూపిన మార్గము రెండేండ్లకే దేశమంతట ప్రాకినది. హాలోవీనుకు బదులుగా పుట్టినది కాకున్నను, జర్మనీలో నవంబరు 11న సెయింట్ మార్టిన్ పేర పిల్లలు తాము చేసిన కాగితపు లాంతర్లు పట్టుకొని పాడుచు వీధులలో తిరుగుదురు. ఈ నాలుగింటను రూపము వేరు, ఉద్దేశము వేరు; కాలినడక మారలేదు, ఇరుగుపొరుగు మారలేదు. తగిన ప్రత్యామ్నాయమునకు ఇదియే గీటురాయి.

తెలుగువారికి ఈ సంగతి ఒకరు చెప్పవలసినది కాదు. దసరా దినములలో బడిపంతులు పిల్లలను వెంటబెట్టుకొని, రంగు కాగితములతో సింగారించిన విల్లంబులు వారి చేతికిచ్చి, పద్యములు పాడించుచు ఇల్లిల్లు తిరుగుట మన ఊళ్ళలో ఆచారమై యుండెను. గృహస్థులు పంతులుగారికి కట్నమును, పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చెడివారు. తెలంగాణములో హోలీకి ముందు వెన్నెల రాత్రులలో పిల్లలు జాజిరి పాటలతో గడప గడపకు పోయెడివారు. కలవారి బిడ్డయు, లేనివారి బిడ్డయు ఒక్క గుంపులో నిలిచి చేయి చాచుటవలన వినయము నేర్చెడిది; ఏ ఇంట ఎవరున్నారో పదేండ్లు నిండకమునుపే తెలిసెడిది. నేడు హైదరాబాదునందైనను, డాలసునందైనను బస్సులో బడికి, కారులో ఆటకు పోవు పిల్లవానికి ఇరుగింటివారి పేరు తెలియదు. ఎట్లు తెలియును? హైదరాబాదులోని మాదాపూరు, కొండాపూరు రోడ్లలో ఫుట్‌పాత్ ఉన్నచోట మోటారుసైకిళ్ళు నిలిచియుండును. అమెరికాలోని ఎన్నో క్రొత్త పేటలలో కాలిబాటయే వేయలేదు. గోడలు కట్టి, గేటు పెట్టి, లోపల చెట్లు నాటి, ఇదియే ఊరని అమ్ముచున్నారు, మనము కొనుచున్నాము. వాహనమున్నవాడే పౌరుడన్నట్లు కట్టిన ఈ నగరములలో మొదట దిక్కులేనివారైనది శిశువులు, పిమ్మట వృద్ధులు. హాలోవీను గొడవకంటె ఇది వేయిరెట్లు పెద్ద అన్యాయము.

మార్పు అసాధ్యమనువారికి ఒక్క మాట. 2005లో చేసిన చట్టముచే అమెరికా దేశము, 2007 మొదలుకొని, గడియారములను వెనుకకు త్రిప్పు దినమును నవంబరునకు జరుపుకొన్నది. దానివలన హాలోవీన్ సాయంకాలమున ఒక గంట అధికముగా వెలుతురు లభించుచున్నది. కాలమునే జరుపగలిగిన ప్రభుత్వములు ఒక పేటలోని నాలుగు వీధులలో మూడుగంటలపాటు కార్లను ఆపలేవా?

కావున తల్లిదండ్రులారా, ఈ అక్టోబరు 31న మీ ఇంట దయ్యపు బొమ్మ నిలుపవలదనిన మానుడు, మిఠాయి వలదనిన పెన్సిళ్ళు పంచుడు, పిల్లలచేతికి చందా డబ్బీ నిచ్చి పరుల బిడ్డలకొరకు అడుగుట నేర్పుడు. మీ పురపాలకులకు ఇప్పుడే వ్రాసి, ఆ సాయంకాలము మీ వీధిలో వాహనములు నిలుపుమని కోరుడు. మీ కారును ఇంటనే యుంచి, పిల్లల వెంట మీరును నడచి, పొరుగువారి తలుపు తట్టుడు.