ఎవరికి ఎగువ? ఎవరికి దిగువ?

గొలుసుకట్టు చెరువులున్న మన ఊళ్ళలో మీది చెరువు, కింది చెరువు అన్న మాటలు దిశను మాత్రమే చెప్పవు. మీది చెరువు అలుగు పోస్తేనే కింది చెరువుకు నీళ్ళు. ఆ అలుగు ఎత్తు పెంచితే కింది ఊరివాళ్ళు వచ్చి నిలదీస్తారు. అంటే ఆ మాటల్లో ఒక బాధ్యత, ఒక హక్కు ఉన్నాయి. కాగితాల మీద ఇవే ఎగువ, దిగువ అయ్యాయి. అక్కడ వాటి అర్థాలు మారాయి. ఆ మార్పులో స్త్రీలు ఎక్కడ తప్పిపోయారో చూడాలి.

ఆనకట్ట కట్టేవారికి ఎగువ అంటే ముంపు, దిగువ అంటే ఆయకట్టు. శ్రీశైలం జలాశయం కోసం 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కృష్ణ ఒడ్డు ఊళ్ళను ఖాళీ చేయించారు. ఇలాంటి చోట నష్టపరిహారం లెక్క పట్టాతో మొదలవుతుంది. పట్టాలు ఎక్కువగా మగవారి పేర ఉండే సమాజంలో, ఏటి ఒడ్డున పశువులు మేపి, కట్టెలు ఏరి ఇల్లు గడిపిన స్త్రీ నష్టానికి పద్దు ఉండదు.

ట్రిబ్యునలుకు ఎగువ, దిగువ అంటే రాష్ట్రాలు. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీల కృష్ణా జలాలు కేటాయించింది. 2014 తరవాత తెలంగాణ కర్ణాటకకు దిగువ, ఆంధ్రప్రదేశ్‌కు ఎగువ. రాష్ట్రాల మధ్య న్యాయం గురించి ఇంత వివరంగా మాట్లాడే ఈ భాషలో, ఒక ఊరి లోపల, ఒక ఇంటి లోపల ఎవరు ఎగువ, ఎవరు దిగువ అన్న ప్రశ్నకు చోటు లేదు.

కాలువ గీసేవారికి మళ్ళీ వేరే అర్థం. నది దారిలో చూస్తే దేవరకొండ, మునుగోడు డెల్టాకు ఎగువ. నేల మట్టంలో చూస్తే ఆ భూముల్లో చాలా భాగం నాగార్జునసాగర్ నీటికంటే ఎత్తు. 1967లో నీళ్ళు వదిలినప్పుడు ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సాగింది. ఎత్తు భూములకు ‘ఎగువ’ అంటే నీరెక్కని చోటని అర్థమైంది. అక్కడి స్త్రీలు దశాబ్దాల పాటు ఫ్లోరైడు నీళ్ళ బిందెలు మోశారు. ఆ నీళ్ళతో వంగిపోయినవాళ్ళకు సేవలూ వాళ్ళే చేశారు. ఇది ప్రకృతి తీర్పే అనుకుందామంటే, 2004 నుంచి అదే సాగర్ నీళ్ళు నల్లగొండ జిల్లా కోదండాపూర్ మీదుగా ఇంకా ఎత్తున ఉన్న హైదరాబాదుకు ఎక్కాయి. నీరు పల్లమెరుగు అంటారు. మోటారు, కరెంటు, రాజకీయ బలం ఉంటే మెట్టను కూడా ఎరుగుతుంది.

1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది. రైతులే నీటిని నిర్వహించుకోవాలన్న ఉద్దేశం మంచిదే. కాని ఓటు రికార్డుల్లో భూమి ఉన్నవారికి దక్కింది. నాట్లు వేసి, కలుపు తీసి, మడిలో రోజంతా నిలబడే కూలి స్త్రీకి నీటి మీద మాట లేదు. కాలువ తలలో ఉన్నా, చివర ఉన్నా ఆమె అందరికీ దిగువే.

కాబట్టి మన డిమాండ్లు ఈ మాటల దగ్గరే మొదలు కావాలి. నీటి సంఘంలో ఓటుకు భూమి కొలత కాకూడదు. పట్టాలు భార్యాభర్తల ఉమ్మడి పేర ఉండాలి. తాగే నీరు, పశువుల నీరు సాగు కంటే ముందు లెక్కకు రావాలి. ఇకమీదట ఏ సమావేశంలో అధికారి ‘ఎగువ ప్రాంతం’ అన్నా, ఎవరికి ఎగువ అని అడుగుదాం. కింది చెరువువాళ్ళు అలుగు దగ్గర నిలబడి అడిగిన ప్రశ్న అదే.