ఒత్తిడికి విరుగుడు ఎవరు చెయ్యాలి?

ఒత్తిడి తగ్గాలంటే తెల్లవారుజామున అరగంట ధ్యానం చెయ్యమని మా కాలేజీకొచ్చిన నిపుణుడు సెలవిచ్చాడు. ఆ వేళకి మేం పొయ్యి ముందుంటామని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. 2024 జాతీయ కాలవినియోగ సర్వే చూడండి. జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు చేస్తుంటే, మగవాళ్లు చేసేది 88 నిమిషాలు. ఊపిరి లెక్కపెట్టుకుంటే ఈ 201 నిమిషాల తేడా పూడుతుందా? మన అలసటని మన మనసులోని లోపంగా తేల్చి, దాని మరమ్మతు కూడా మనకే అప్పజెప్పడం ఎంత సౌకర్యం! ధ్యానంతో నాకు పేచీ లేదు. ఆ అరగంట దొరకాలంటే ఇంట్లో ఇంకొకరు లేచి స్టవ్ వెలిగించాలి, క్యారియర్లు సర్దాలి. ఈసారి ఆ నిపుణుడొస్తే శ్రోతలుగా మన ఇళ్లలోని మగవాళ్లని కూర్చోబెడదాం.