ఆట మగవాడిది, కంతు ఆడదానిది

ఫోన్లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ గురించి, క్రికెట్ పందేల గురించి మాట వచ్చినప్పుడల్లా మన సమావేశాల్లో ఒకే రకమైన నిట్టూర్పు వినిపిస్తోంది. "పాపం, పిల్లోడు అలవాటు పడిపోయినాడు" అంటారు. అలవాటు, వ్యసనం, వయసు, బలహీనత అనే మాటలతో విషయం తేలిపోతుంది. పిల్లవాడికి కౌన్సెలింగ్ ఇప్పించాలని తీర్మానం చేసి టీ తాగి లేస్తాం. పోయిన లెక్క ఎవరిది అని మాత్రం ఎవరూ అడగరు. మా పక్క డబ్బును లెక్క అంటాం. నేను అడగబోయేదీ లెక్కే కాబట్టి ఆ మాటే వాడతాను.

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పొదుపు సంఘాల స్త్రీలతో పని చేస్తున్నాను. ఈ ప్రాంతంలో ఇంటికి లెక్క ఎట్లా వస్తుందో ముందు చెప్పాలి. ఆదోనికి పత్తి మార్కెట్ ఉంది, జిన్నింగు మిల్లులున్నాయి. పత్తి తీసేదీ, మిల్లుల్లో దుమ్ము మింగేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సహకార సంఘం పేరు దేశమంతా తెలుసు. అయితే మగ్గం మీద కూర్చున్నవాడే నేతగాడు. కండెలు చుట్టిన భార్య, అచ్చు అతికిన కూతురు ఏ రికార్డులోనూ కనపడరు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పక్క వాన రాకపోతే ఊరు ఊరే సుగ్గికి పోతుంది. మిరపకాయలు తెంపడానికి గుంటూరు సీమకు పోయి, చేను గట్టున గుడిసె వేసుకుని, కళ్ళు మండుతూ, చేతులు మండుతూ తెచ్చుకున్న కూలి అది. దానికి తోడు సంఘం అప్పు. పదిమంది ఆడవాళ్ళు ఒకరికొకరు పూచీ ఉండి బ్యాంకు నుంచి తెచ్చుకునే అప్పు. ఒక్కరు కంతు కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలి, లేకుంటే అందరికీ మళ్ళీ అప్పు పుట్టదు.

ఫోన్లో పోతున్నది ఈ లెక్కే.

ఎట్లా పోతుందో కూడా చూడాలి. ఖాతా ఆమె పేరు మీదే ఉంటుంది. పాసుబుక్కు మీద ఆమె ఫోటో ఉంటుంది. ఖాతాకు తగిలించిన ఫోన్ నెంబరు మాత్రం మొగుడిదో కొడుకుదో. ఓ.టి.పి. వాళ్ళకే వస్తుంది. ఫోన్‌పే, గూగుల్ పే వాళ్ళ చేతిలోనే ఉంటాయి. ఆమె బ్యాంకుకు పోయి వరుసలో నిలబడి వేలిముద్ర వేస్తేగాని వెయ్యి రూపాయలు చేతికి రావు. ఆ ఖాతాలోంచే కొడుకు మంచం మీద పడుకుని ఒక్క నిమిషంలో ఐదువేలు ఆటలోకి పంపగలడు. "స్త్రీల ఆర్థిక సాధికారత" అని మనం ఇన్నేళ్ళుగా పోస్టర్లు వేసుకుంటున్నామే, ఆ సాధికారత ఆ పది అంకెల నెంబరు దగ్గర ఆగిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతమే, పురుషులు 48.8 శాతం. ఈ తేడాను చదువు తేడాగా, తెలివి తేడాగా చెప్పేవాళ్ళున్నారు. నాకు ఇది తాళంచెవి ఎవరి మొలలో ఉంది అన్న తేడాగా కనపడుతుంది.

కౌతాళం పక్క ఒక సంఘం సభ్యురాలు నాతో అన్న మాటలు అట్లాగే రాస్తాను. "అక్కా, బ్యాంకు సారు లెక్క నువ్వే తీసినావంటాడు. ఆ పొద్దు నేను మిరపచేన్లో ఉంటి. నా చేతికి ఫోన్ ఎక్కడిది?" సంఘం నుంచి ఆమెకు వచ్చిన యాభైవేలు పదకొండు రోజుల్లో వందలు, రెండు వందలు, ఐదు వందలుగా కరిగిపోయాయి. మధ్యలో రెండుసార్లు మూడువందలు, ఏడువందలు తిరిగి వచ్చాయి కూడా. ఎర అంటే అదే. మొదట కొంచెం గెలిపిస్తారు. ఆడేవాడికి గెలిచిన పూట గుర్తుంటుంది, ఓడిన పూటల లెక్క ఉండదు. గెలిచినా ఓడినా ప్రతి బల్ల మీదా కంపెనీ వాటా కంపెనీ తీసుకుంటుంది. ఆమె మొగుడు చెడ్డవాడేం కాదు, తాగడు, కొట్టడు. ఆ మాట ఆమే నాకు రెండుసార్లు చెప్పింది. ఆ ఏడాది కంతులన్నీ ఆమె కూలి నుంచే పోయాయి. కమ్మలు కుదువకు పోయాయి. కూతురు బడి మానేసి తల్లితో సుగ్గికి పోయింది. ఈ ఆటలో ఆ పిల్ల ఒక్క ముక్క కూడా ఎత్తలేదు.

ఇక చట్టాల సంగతి. రమ్మీ నైపుణ్యపు ఆట అని కంపెనీలు కోర్టుల్లో చూపించే తీర్పు మన తెలుగు నేల నుంచి పోయిందే. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసిన కేసులో, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. అదే తీర్పులో ఇంకో మాట ఉంది. పందెం పెట్టి ఆడే ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీసుకుంటుంటే అది నేరం కావచ్చు అన్నది. అరవై ఏళ్ళ నాటి ఆ తీర్పులో మొదటి సగాన్ని కంపెనీలు నెత్తిన పెట్టుకున్నాయి. రెండో సగాన్ని ప్రకటనల్లో ఎవరూ చదవలేదు. ప్రకటనల్లో సినిమా తారలు నవ్వారు, చివర ఒక గొంతు "ఆర్థిక నష్టం ఉంది, వ్యసనం కావచ్చు" అని ఊపిరి తీసుకోకుండా గొణిగింది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 సెప్టెంబరులో 1974 నాటి జూద చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నడిపినవాళ్ళకు ఏడాది జైలు, ఆడినవాళ్ళకు ఆరు నెలలు అన్నారు. బాగానే ఉంది. మరి ఆదోని కుర్రాళ్ళకు సరిహద్దు ఎంత దూరం? సిరుగుప్ప బస్సెక్కితే కర్ణాటక. తుంగభద్ర దాటితే రాయచూరు. కర్ణాటక తెచ్చిన నిషేధాన్ని అక్కడి హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టేసింది. నది ఇవతల నేరం, అవతల నైపుణ్యం! బస్సు ఖర్చు దండగ అనుకున్నవాళ్ళు, ఫోన్ ఎక్కడుందో అబద్ధం చెప్పే యాప్ వేసుకున్నారు. అంతటితో అయిపోలేదు. 2023 అక్టోబరు 1 నుంచి ఈ ఆటల్లో పెట్టే మొత్తం సొమ్ము మీద 28 శాతం జి.ఎస్.టి. వేశారు. అంటే మన రాష్ట్రంలో నేరమైన పని మీద దేశం పన్ను వసూలు చేసుకుంది. మిరపచేన్లో వంగిన నడుము నుంచి కంపెనీకి ఒక వాటా, సర్కారుకు ఒక వాటా. భారత క్రికెట్ జట్టు చొక్కాల మీద ఆ రోజుల్లో ఎవరి పేరు ఉండేదో గుర్తు చేసుకోండి.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల చట్టం చేసింది, 22న రాష్ట్రపతి సంతకం అయ్యింది. డబ్బు ఆటలు నడిపితే మూడేళ్ళ జైలు, కోటి రూపాయల జరిమానా. ప్రకటనలు చేస్తే రెండేళ్ళు, యాభై లక్షలు. పెద్ద కంపెనీలు వారం తిరక్కుండా డబ్బు బల్లలు మూసేశాయి. 45 కోట్ల మంది ఏటా 20 వేల కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వమే అంచనా చెప్పింది. ఆడినవాడికి ఇందులో శిక్ష లేదు, అతను బాధితుడు అన్నారు. నేను దాన్ని తప్పు పట్టను, జైలుకు పంపితే బెయిలు లెక్క తెచ్చేదీ ఆమే. కాని అతను బాధితుడైతే ఆమె ఎవరు? 45 కోట్లలో ఆమె ఉందా? ఉంటే ఆమెకు తిరిగి వచ్చేదేమిటి? కంపెనీ ఖాతాలో అతని పేరుంది, బ్యాంకు అప్పు పత్రంలో ఆమె పేరుంది. చట్టం మొదటి కాగితాన్నే చూసింది.

"నిషేధం వచ్చింది కదా, ఇంకేం కావాలి?" అంటున్న మిత్రులకు సారా ఉద్యమం గుర్తు చేస్తాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన పోరు జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఖజానా ఖాళీ అయిందని దాన్ని ఎత్తేశారు. పన్ను రుచి చూసిన ప్రభుత్వం ఎన్నాళ్ళు నోరు కట్టుకుంటుందో మనకు అనుభవమే. ఇంకో తేడా ఉంది. సారా కొట్టు కంటికి కనిపించేది. పదిమంది చీపుర్లు పట్టుకుని పోతే కొట్టువాడు పరుగెత్తేవాడు, వేలంపాట ఆగిపోయేది. ఇప్పుడు కొట్టు మగవాడి జేబులో ఉంది. ఇక్కడి కంపెనీలు మూసినా ఎక్కడో విదేశంలో నడిచే పందేల లింకులు వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో వస్తూనే ఉన్నాయి. మా పక్క మట్కా చీటీ రాసిన చేతులకు ఇవి కొత్త కూడా కాదు.

ఇంతవరకు చెప్పినదానికంటే నాకు ఎక్కువ కోపం తెప్పించే సంగతి ఒకటుంది. ఫోన్ వల్ల ఇల్లు కూలిందని ఊరికి అర్థమైనప్పుడు ఊరు ఏం చేస్తుంది? ఆడపిల్ల చేతిలోంచి ఫోన్ లాక్కుంటుంది! కరోనా కాలంలో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ఒక్క ఫోన్ ఎవరి చేతికి పోయిందో మన ఇళ్ళలో మనకు తెలియదా? మగపిల్లవాడు పబ్జీ ఆడాడు, ఫ్రీ ఫైర్ ఆడాడు, మీసాలొచ్చాక రమ్మీ ఆడాడు. అది ఆట. పదో తరగతి పిల్ల స్నేహితురాలికి మెసేజ్ పెడితే అది తిరుగుడు. "ఫోన్ చూసి చెడిపోతుంది" అని పదహారేళ్ళకే పెళ్ళి చేసిన ఇళ్ళు ఎమ్మిగనూరులో నాకు తెలుసు, అదే ఇంట్లో అన్న చేసిన ఆట అప్పు ఆ పెళ్ళి అప్పులో కలిపి తీర్చారు. 2019 జులైలో గుజరాత్ బనాస్‌కాంఠా జిల్లాలో ఠాకోర్ కులపెద్దలు పన్నెండు ఊళ్ళలో పెళ్ళికాని ఆడపిల్లలు ఫోన్ వాడకూడదని కట్టడి పెట్టారు. మా దగ్గర అట్లాంటి తీర్మానం అవసరమే లేదు, అరుగు మీద కూర్చున్న ప్రతి మామా దాన్ని అమలు చేస్తున్నాడు. కాబట్టి "ఫోన్లే మాన్పించాలి" అని మన వేదికల మీద ఎవరైనా అంటే ఆ మాట ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆలోచించి అనండి.

మన చేతిలో ఉన్న పనిముట్టును మనమే వాడటం లేదు. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. మూడో సెక్షన్ ఆర్థిక హింసను హింసగానే చెప్పింది. స్త్రీధనాన్ని, ఆమెకు హక్కున్న ఆస్తిని అన్యాక్రాంతం చేయడం, ఇంటి అవసరాలకు లెక్క లేకుండా చేయడం అందులోకి వస్తాయి. రక్షణాధికారి నింపే మొదటి ఫారంలో ఆమెకు చెప్పకుండా, ఆమె ఒప్పుకోకుండా స్త్రీధనం అమ్మడం లేదా కుదువ పెట్టడం, కూలిని బలవంతంగా లాక్కోవడం అనే గళ్ళు అచ్చువేసి ఉన్నాయి. నేను చూసిన ఫారాల్లో ఒంటిమీద దెబ్బలుంటేనే పై గళ్ళు నిండుతాయి, ఈ గళ్ళు ఖాళీగా పోతాయి. దెబ్బ లేదు కదా అని మన కార్యకర్తలే వదిలేస్తున్నారు. పద్దెనిమిదో సెక్షన్ కింద ఇద్దరూ వాడుకునే బ్యాంకు ఖాతాను అతను ముట్టకుండా మేజిస్ట్రేటు ఆపవచ్చు. ఇరవయ్యో సెక్షన్ కింద నష్టానికి లెక్క ఇప్పించవచ్చు. మొగుడి మీదే కాదు, మేజరైన కొడుకు మీద తల్లి కూడా అడగవచ్చు.

"రమ్మీ ఆడినందుకు మొగుణ్ణి కోర్టుకు లాగుతావా?" అని ఒక సంఘం లీడరమ్మే నన్ను నిలదీసింది. సంసారం అన్నాక సర్దుకోవాలట. సర్దుకునే భారం ఒక్క పక్కనే ఎందుకుంటుందని అడిగితే నవ్వి ఊరుకుంది. అందరూ కోర్టుకు పోవాలని నేను అనడం లేదు. పోవచ్చు అని తెలిసిన ఆడదాని ముందు మొగుడు మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది, అది నేను చూశాను.

పొదుపు సంఘాలు నడిపే వాళ్ళకు నా డిమాండు ఇంకా చిన్నది. అప్పు ఖాతాలో పడే ముందే ప్రతి సభ్యురాలి ఖాతాకు ఎవరి నెంబరు ఉందో చూడాలి. ఆమెది కాకపోతే మార్పించాలి. ఆమెకు ఫోన్ లేకపోతే యు.పి.ఐ. ఆపించాలి, బ్యాంకుకు ఒక దరఖాస్తు చాలు. తెలియకుండా లెక్క పోతే 1930కి వెంటనే ఫోన్ చేయాలని సంఘం గోడ మీద రాయించాలి. కంతు తప్పిన సభ్యురాలి ఇంటికి మిగతా తొమ్మిదిమంది వెళ్ళి గిన్నెలు ఎత్తుకొచ్చే ఆచారం మా మండలాల్లో ఇంకా పూర్తిగా పోలేదు. ఆ తొమ్మిదిమంది ఈసారి గిన్నెలు ముట్టకుండా, అరుగు మీద కూర్చున్న మగవాణ్ణి ఫోన్ తెరిచి ఆరు నెలల చెల్లింపులు చూపించమని అడగాలి. ఎమ్మిగనూరులో రెండు సంఘాలు మినిట్స్ పుస్తకంలో "అప్పు దేనికి వాడారు" అన్న గడి పక్కన "ఎవరు వాడారు" అని ఇంకో గడి గీసుకున్నాయి. మొదటి నెల అందరూ "నేనే" అని రాయించారు. మూడో నెలకు నలుగురు వేరే పేర్లు చెప్పారు.