స్వరాజ్యమను ఆడుపేరు

బహదూర్‌పురాలో నొక కచేరీయందు మొన్న పింఛను కాగితములు సరిచూచుచుండగా గుమాస్తా "శ్రీ స్వరాజ్యం" అని కేకవైచెను. ఎనుబదియేండ్లు దాటిన వృద్ధురాలొకతె కఱ్ఱ యూతగా లేచివచ్చినది. "మీ పెనిమిటి రాలేదా, అమ్మా?" అని యాతడడిగెను. "పేరు నాదే, నాయనా" అని యామె చెప్పినది. వరుసలోని పడుచువాండ్రు నవ్విరి. వారిని తప్పుపట్టుట మా యుద్దేశము గాదు. ఆ పేరుగల యాడుదానిని వారు చూచియుండరు.

శబ్దము ప్రాచీనము, ఋగ్వేదమున నున్నది. తన్ను తాను ఏలుకొనుట యని యర్థము. 1906 కలకత్తా కాంగ్రెసున దాదాభాయి నౌరోజీ అధ్యక్షపీఠమునుండి దాని నుచ్చరించిరి. 1909లో గాంధీజీ తమ గ్రంథమునకు "హింద్ స్వరాజ్" అని పేరిడిరి. ప్రకాశం పంతులుగారు మదరాసున తమ యాంగ్ల దినపత్రికను "స్వరాజ్య" యనిరి. సంస్కృతమున నిది నపుంసకలింగము. ఐనను కనకము, రత్నము, మాణిక్యము అని బిడ్డలను పిలుచుకొను తెలుగు తల్లికి లింగముతో పనియేమి? మన వ్యాకరణము సైతము స్త్రీని ఏకవచనమున వస్తువులతోనే కూర్చుండబెట్టినది గదా: బండి వచ్చినది, అమ్మ వచ్చినది! ఈ పేరునకు "లక్ష్మి"ని జేర్చి స్వరాజ్యలక్ష్మి యనినవారును గలరు. ఒంటిగా "స్వరాజ్యం" అనుటలోని బిగువు దానికి లేదని మా యభిప్రాయము.

బ్రిటిషు ఇలాకాలో నీ పేరు పెట్టుట దేశభక్తి. నిజాము ఇలాకాలో నది సాహసము. సభ జరుపవలెనన్న గస్తీ నిషాన్ 53 క్రింద ముందుగా అనుమతి పొందవలసిన దినములవి. అట్టి రాజ్యమున, సాయంకాలమున వీధిలో నాడుకొను కూతును తల్లి యింటికి బిలిచినంతనే ఆ మాట యే యనుమతియు లేక ఊరంతయు వినబడుచుండెను. 1947 ఆగస్టు 15న తక్కిన దేశమున జెండా యెగిరినను, ఇచ్చటి స్వరాజ్యములు 1948 సెప్టెంబరు 17 వరకు వేచియుండవలసివచ్చెను.

ఈ పేరును అక్షరాల నిజము చేయబూనిన వనిత నల్లగొండ జిల్లాలో 1931లో జన్మించినది. గాంధీజీ పిలుపున సత్యాగ్రహమున పాల్గొన్న బంధువుల కోర్కెపై భూస్వాములగు భీమిరెడ్డివారు తమ బిడ్డకు స్వరాజ్యమని పేరిడిరి. ఆమెయే మల్లు స్వరాజ్యం. తెలంగాణ సాయుధపోరాటమున తుపాకి పట్టినది. ఆమె తలకు 10,000 రూపాయల వెల ప్రకటింపబడినది. 1978, 1983 ఎన్నికలలో తుంగతుర్తి ప్రజలు ఆమెను శాసనసభకు పంపిరి. 2022 మార్చి 19న ఆమె కన్నుమూసినది. ఆమె మార్గముతో ఏకీభవింపనివారు సైతము ఆ పేరు ఆమెయొద్ద వ్యర్థము గాలేదని యొప్పుకొనక తప్పదు.

తక్కిన స్వరాజ్యముల సంగతి యేమి? బహదూర్‌పురా వృద్ధురాలిని మేము అరుగుపై కూర్చుండబెట్టి యడిగితిమి. జైలునకు పోవుటకు సిద్ధపడిన తండ్రి యెంతో మక్కువతో నీ పేరు పెట్టెనట. ఐదవ తరగతితో చదువు మాన్పించినవాడును, పదునాల్గవయేట పెండ్లి చేసినవాడును ఆయనయే. దేశమునకు కోరిన దానిని ఆయన పేరుగా మాత్రమే ఇంటిలోనికి రానిచ్చెను. కోపముతో గాదు, నవ్వుచునే యామె యీ మాటలు చెప్పినది.

ఆస్తి మాటయు నడిగితిమి. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి కుమార్తెలకు ఉమ్మడియాస్తిలో సమభాగము నిచ్చు శాసనము వచ్చినది. కాని అప్పటికే పెండ్లియైనవారిని అది విడిచిపెట్టినది. 2005 నాటి కేంద్రశాసనము ఆ యడ్డును తొలగించెను. అంతకు బహుకాలము మునుపే సోదరులు పంపకపు దస్తావేజును రిజిస్టరు చేయించుకొనిరి. అందు సాక్షిగా ఆమె చేవ్రాలున్నదట: స్వరాజ్యం.