అటక మీది గుంటల పీట

మగ్రిబ్ నమాజు అయింది. ఇంట్లో అందరూ ఉన్నారు. అబ్బా చేతిలో ఒక ఫోను, అమ్మీ చేతిలో ఒక ఫోను, ఆరేళ్ల బిడ్డ చేతిలో ఇంకొకటి. నానీ మాత్రం గోడకు ఆనుకుని తస్బీహ్ తిప్పుకుంటూ, ఎవరైనా పలకరిస్తారేమోనని చూస్తోంది. ఒకే కప్పు కింద నలుగురు, నాలుగు ఊళ్లలో ఉన్నట్టు ఉన్నారు. ఈ దృశ్యం ఎవరి ఇంటిదో చెప్పనక్కర లేదు. మా ఇల్లూ ఇందుకు మినహాయింపు కాదు. అందుకే ఈ వారం పెద్ద విషయాలను కాస్త పక్కనపెట్టి, ఒక చిన్న ఆట గురించి మాట్లాడదలచుకున్నాం.

ఆ ఆట పేరు వామనగుంటలు. కొన్ని ఊళ్లలో ఓమనగుంటలు అంటారు. వరుసకు ఏడు చొప్పున రెండు వరుసల్లో పద్నాలుగు గుంటలున్న చెక్క పీట, గుప్పెడు చింతగింజలు, ఎదురెదురుగా ఇద్దరు మనుషులు. ఇంతకుమించి ఏమీ అక్కర లేదు. గుంటకు ఐదు చొప్పున వేస్తే మొత్తం 70 గింజలు. మన వైపున్న ఒక గుంటలోని గింజలన్నీ తీసి, వరుసగా గుంటకొకటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోగానే ఆ పక్క గుంటలోవి తీసి మళ్లీ వేయాలి. ఆ పక్క గుంట ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోని గింజలు మనవి. వంతు ఎదుటివారికి పోతుంది. ఒక్కో ఊళ్లో నియమాలు ఒక్కోలా ఉంటాయి. మీ నానీకో, దాదీకో తెలిసిన పద్ధతే మీకు సరైన పద్ధతి.

పేరులో వామన శబ్దం ఉంది కదా, ఇది మన ఆటేనా అని కొందరు సందేహించవచ్చు. ఈ కుటుంబానికి చెందిన ఆటలన్నిటినీ ప్రపంచమంతా పిలిచే పేరు 'మన్‌కలా'. అది అరబీ పదం. ఒకచోటి నుంచి ఇంకొకచోటికి తరలించడం అనే అర్థమున్న 'నఖల' ధాతువు నుంచి పుట్టింది. 1836లో ఈజిప్టు జనజీవితంపై పుస్తకం వెలువరించిన ఎడ్వర్డ్ లేన్, పన్నెండు గుంటల పీటపై 72 గవ్వలతో ఆడే ఈ ఆటను అందులో వివరించాడు. మలేషియాలో దీనిని చొంగ్కాక్ అంటారు. ఆ దేశం 1989లో తెచ్చిన పది సెన్ నాణెం మీద ఈ పీట బొమ్మనే ముద్రించింది. తుర్కియే, కజకిస్తాన్, కిర్గిజిస్తాన్‌లలో ఆడే ఇలాంటి ఆటలకు 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చోటు దక్కింది. పక్కింటి సుబ్బమ్మా మన నానీ ఒకే అరుగు మీద కూర్చుని ఆడుకున్న ఆట, కైరో వీధుల్లోనూ ఉన్నదన్నమాట. మంచి ఆటకు ఇల్లు ఒక్కటే ఉండదు.

ఇందులో పాచికలు లేవు. అదృష్టం మీద ఆధారపడే పని లేదు. లెక్క, ఓపిక, ముందుచూపు ఉంటే చాలు. ఐదు గింజలు తీస్తే ఎక్కడ ఆగుతాం, ఆ పక్క గుంట ఖాళీయేనా అని ఆలోచించడంలోనే పసివాడికి కూడికలు, తీసివేతలు వచ్చేస్తాయి. ఓడినా నవ్వడం, గెలిచినా విర్రవీగకపోవడం, ఒక్క గింజ కూడా దాచకుండా ఆడడం అలవాటవుతాయి. అబద్ధం ఆడకు అని పదిసార్లు చెప్పడం కంటే, ఎవరూ చూడనప్పుడు కూడా గింజను గుంటలోనే వేయడం నేర్పితే మేలు.

ఆటలంటేనే కాలక్షేపం, చదువుకు చేటు అనే పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇంట్లో హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకునేవారని, ఆయన ఆమెతో పరుగు పందెంలో కూడా పాల్గొన్నారని హదీసుల్లో ఉంది. నమాజును మరిపించేది, పందెం కాసేది, పగ పెంచేది అయితే ఆ ఆట తప్పు. జూదాన్ని ఖుర్ఆన్ మాయిదా అధ్యాయం 90, 91 వాక్యాల్లో స్పష్టంగా నిషేధించింది.

అసలు భయం అక్కడే ఉంది. ఫోనులో సరదాగా మొదలైన ఆట, పది రూపాయలు పెడితే ఇరవై వస్తాయన్న దగ్గరికి చేరడానికి ఎంతోకాలం పట్టదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను అడ్డుకోజూశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే. కానీ చట్టం తలుపు మూయగలదు గాని, పిల్లవాడి ఖాళీ సాయంత్రాన్ని నింపలేదు. ఆ పని తల్లిదండ్రులది. ఫోను లాక్కోవడం సులువు. లాక్కున్న తర్వాత ఆ చేతిలో ఏం పెడతామన్నదే ప్రశ్న.

పీట లేదని చింతించకండి. కోడిగుడ్ల అట్టలోంచి రెండు వరుసలు కత్తిరిస్తే పన్నెండు గుంటలు సిద్ధం. నేల మీద సుద్దముక్కతో సున్నాలు గీసినా సరిపోతుంది. మూడేళ్ల లోపు పసివాళ్లు ఉన్న ఇంట్లో మాత్రం గింజలు నోట్లో పెట్టుకోకుండా జాగ్రత్తపడాలి. ఆట అయ్యాక లెక్కపెట్టి డబ్బాలో వేయాలి. ఆ లెక్క కూడా పిల్లలకే అప్పగించండి.

ఈ రోజు జుమా. సాయంత్రం ఒక్క అరగంట ఫోన్లన్నీ అల్మారాలో పెట్టి చూడండి. నానీని గోడ దగ్గర నుంచి లేపి మధ్యలో కూర్చోబెట్టండి. "ఈ ఆట మీ చిన్నప్పుడు ఎలా ఆడేవారు?" అని మనవరాలి చేత అడిగించండి. ఆమె ముఖంలో వెలుగు చూస్తారు. ఆ తర్వాత పీటను మళ్లీ అటక ఎక్కించాలని మీకే అనిపించదు.